గురి తప్పిన గ్రహయాత్రలు

తెల్లవారుజామున తూర్పుదిక్కున మెరయు వేగుచుక్కను చూచి పొలమునకు బయలుదేరిన రైతు, మూఢము వచ్చినదని పెండ్లిని వాయిదా వేసికొనిన గృహస్థు, కుమార్తె జాతకములో కుజదోషమున్నదని కలతపడిన తల్లి - వీరందరి బ్రతుకులతో ముడిపడిన గ్రహములు రెండు. ఒకటి శుక్రుడు, రెండవది అంగారకుడు. కంటికి కనబడుచు చేతికందని ఈ గ్రహముల చెంతకు మనుష్యుడు తాను పోలేక, తనకు బదులుగా యంత్రములను పంపుటకు 1960లో పూనుకొనెను. అట్టి యంత్రములు పంపిన చిత్రములు నేడు పాఠ్యపుస్తకములలో కలవు. వానికి ముందు బయలుదేరి, గమ్యము చేరక దారిలోనే మూగవోయిన నౌకల కథ మాత్రము ఆ పుస్తకములలో అరుదు.

ఓటమి గెలుపునకు మెట్టు అనునది పాతమాట. ఆ మాట పూర్తిగా నిజము కాదని ఈ నౌకల చరిత్ర తెలుపుచున్నది. కొన్ని ఓటములు మెట్లయినవి. మరికొన్ని వట్టి గుంతలుగానే మిగిలిపోయినవి. ఒకే కాలమున, ఇంచుమించు ఒకే విద్య నేర్చినవారి చేతులలో ఈ భేదమెట్లు కలిగెనో తెలిసికొనుట, తప్పులు దిద్దు ఉపాధ్యాయులకును తప్పులు చేయు విద్యార్థులకును అవసరము.

గ్రహములు పెట్టిన ముహూర్తము

గ్రహాంతరయాత్రకు ఏనాడు పడితే ఆనాడు బయలుదేర వీలులేదు. భూమియు, ఇతర గ్రహములును వేరువేరు వేగములతో సూర్యుని చుట్టి తిరుగుచుండును. అవి అనుకూలమైన స్థానములకు వచ్చినపుడే, తక్కువ ఇంధనముతో నౌకను అచ్చటికి విసరుట సాధ్యము. అంగారకునికి ఈ అదను సుమారు 26 నెలలకొకమారు వచ్చును. శుక్రునికి సుమారు 19 నెలలకొకమారు. వచ్చినను కొన్ని వారములకు మించి నిలువదు. పెండ్లి ముహూర్తము దాటిపోయినచో పురోహితుడు పంచాంగము తిరుగవేసి మరియొక లగ్నమును చూపగలడు. ఇచ్చట తప్పిపోయిన ముహూర్తమునకు రెండేండ్లు కాచుకొని యుండవలెను. అందుచేత పని పూర్తికాకున్నను బయలుదేరవలసిన తొందర ఈ యాత్రలకు పుట్టుకతోనే వచ్చిన దోషము.

ఆ తొందరకు మొదట బలియైనవి 1960 అక్టోబరు 10, 14 తేదీలలో సోవియట్ యూనియన్ అంగారకునిపైకి గురిపెట్టిన రెండు నౌకలు. వానిని నిర్మించినవాడు, తొలి స్పుత్నిక్‌ను గగనమునకెగురవేసిన సెర్గీ కొరొల్యోవ్. నౌకలు కొత్తవి, వానిని మోయు నాలుగంచెల రాకెట్టు కొత్తది. ఆ నౌకలో అంగారకునిపై జీవము కలదేమో కనుగొను పరికరమొకటి అమర్చవలెనని శాస్త్రజ్ఞులు కోరిరి. కొరొల్యోవ్ దానిని ముందుగా ప్రయోగశాల సమీపమున ఉన్న గడ్డిమైదానములో పరీక్షింపజేసెననియు, భూమిపై జీవము లేదని ఆ పరికరము తేల్చెననియు, వెంటనే దానిని తీసివేయించెననియు చెప్పుదురు. ఆ పరీక్ష రాకెట్టు మూడవ అంచెకు జరుగలేదు. మొదటి యాత్రలో కంపనములవలన నియంత్రణము చెడినది. రెండవ యాత్రలో ద్రవరూపమున ఉన్న ప్రాణవాయువు కారి, ఆ చలికి ఇంధనము గడ్డకట్టి, మూడవ అంచె మండనేలేదు. రెండు నౌకలును భూమిని చుట్టివచ్చు కక్ష్యనైనను చేరక నేలకూలినవి. మొదటిది కూలిన దినమున సోవియట్ ప్రధాని క్రుశ్చేవ్ న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సమావేశములకై వచ్చియుండెను. లోకమునకు ఏ ప్రకటనయు వెలువడలేదు.

ఏటిలో దొరికిన పతకము

తరువాతి వంతు శుక్రునిది. 1961 ఫిబ్రవరి 4న బయలుదేరిన నౌక భూకక్ష్యను చేరినది కాని, అచ్చటినుండి శుక్రుని వైపు తోయవలసిన చివరి అంచె పనిచేయలేదు. దానికి విద్యుత్తునందించు పరికరము శూన్యములో పనిచేయుటకు తగినది కాకపోవుటయే లోపము. సోవియట్ ప్రభుత్వము ఆ నౌకను పెద్ద ఉపగ్రహముగా ప్రకటించి ఊరకున్నది. శుక్రుని పేరెత్తలేదు. లోకము ఊరకుండలేదు. ఇంత బరువైన ఉపగ్రహములో మనుష్యుడెవడైన ఉండి మరణించెనేమోనని పాశ్చాత్య దేశములలో పుకార్లు పుట్టినవి. మూడు వారములకు ఆ నౌక సైబీరియాపై వాయుమండలములో ప్రవేశించి విచ్ఛిన్నమైనది.

కథ అంతటితో ముగియలేదు. 1963 వేసవిలో సైబీరియాలోని ఒక యేటిలో స్నానము చేయుచున్న బాలుని కాలికి లోహపు ముక్కయొకటి గీచుకొనినది. వాడు దానిని పైకి తీసి తండ్రికి చూపెను. తండ్రి పోలీసులకు అప్పగించెను. అది శుక్రగ్రహముపై చేరవలసిన పతకము. చేతులు మారి మారి, తుదకు ఆ నౌకానిర్మాణములో పాలుగొన్న ఇంజనీరు బోరిస్ చెర్తోక్ చేతికి వచ్చినది. కోట్ల కిలోమీటర్ల దూరమున నిలువవలసిన గురుతు, తనను పంపినవారి నేలపైననే ఏటి అడుగున రెండేండ్లు పడియున్నది. నిజమును ప్రకటనలో దాచగలిగిరి కాని ఏటిలో దాచలేకపోయిరి.

ఎనిమిది దినముల తరువాత, అదే సంవత్సరము ఫిబ్రవరి 12న, దాని జంటనౌక వెనెరా-1 శుక్రుని దారి పట్టినది. గ్రహాంతరమార్గమున గురితప్పక బయలుదేరిన మొదటి శుక్రనౌక అదియే. వారము దాటకుండనే, భూమికి సుమారు 20 లక్షల కిలోమీటర్ల దూరమున దాని పలుకు నిలిచిపోయినది. ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్ రేడియో దూరదర్శినితో వెదకినను ప్రయోజనము లేకపోయెను. ఆ మూగనౌక మే మాసములో శుక్రునికి సుమారు లక్ష కిలోమీటర్ల దూరమునుండి సాగిపోయినది.

ఒక దీర్ఘము లోపించినందున

అమెరికా ప్రయత్నము మేరినర్-1. దానిని 1962 జూలై 22న శుక్రుని వైపు పంపిరి. రాకెట్టు లేచిన కొలదిసేపటికే దారి తప్పసాగెను. జనావాసములపై గాని, ఓడలు తిరుగు సముద్రమార్గముపై గాని అది కూలునేమోనను భయముతో, రక్షణాధికారి 293వ సెకండున దానిని పేల్చివేయుటకు ఆజ్ఞ యిచ్చెను. మరి ఆరు సెకండులు గడచియుండిన పై అంచె విడిపోయి, పేల్చుటకు వీలే లేకపోయెడిది. పేలిన తరువాతను నౌకలోని రేడియో 64 సెకండులు సంకేతములు పంపుచునే యుండెను.

కారణము విచారింపగా రెండు లోపములు బయటపడెను. రాకెట్టులోని రేడియో పరికరము సరిగా పనిచేయలేదు. అట్టి సందర్భమున నేలమీది కంప్యూటరు సర్దుకొనవలసియుండగా, దానికిచ్చిన సూత్రములో ఒక చిన్నగీత లోపించినది. అది హైఫన్ అని పత్రికలకెక్కినది. అక్షరము నెత్తిన గీయవలసిన అడ్డగీత అని తరువాత వివరముగా పరిశీలించినవారు తెలిపిరి. అక్షరముపై గీత యున్నచో, క్షణక్షణము మారు వేగమును గాక, ఒడుదుడుకులు సవరించిన సగటు వేగమును గ్రహింపవలెనని అర్థము. గీత లేనందున, స్వల్పములైన ఒడుదుడుకులను కంప్యూటరు నిజమైన దోషములని భ్రమించి, అక్కరలేని దిద్దుబాట్లు చేయనారంభించినది. సరిగా పోవుచున్న రాకెట్టును ఆ దిద్దుబాట్లే దారి తప్పించినవి.

తెలుగు చదువుకొను బాలునికి ఇది కొత్త కాదు. దీర్ఘము విడిచి వ్రాసినచో 'కాలము' 'కలము' అగును. పలకమీద అట్టి తప్పునకు వెల ఒక మార్కు. ఆ జూలై ఉదయమున దాని వెల 1 కోటి 85 లక్షల డాలర్లు.

ఈ అవమానమును అమెరికా దాచుకొనలేదు. దాచుకొన వీలును లేదు. ప్రయోగము బహిరంగముగా జరిగినది. విచారణ ఫలితములు పత్రికలలో వచ్చినవి. సూత్రమును సవరించి, 36 దినములకు, అనగా ఆగస్టు 27న, జంటనౌక మేరినర్-2ను పంపిరి. దారిలో దాని సౌరఫలకమొకటి చెడినది; యంత్రభాగములు వేడెక్కినవి. అయినను 109 దినములు పయనించి, డిసెంబరు 14న శుక్రునికి సుమారు 34,800 కిలోమీటర్ల దూరమునుండి సాగుచు, ఆ గ్రహము కొలిమివలె మండుచున్నదని తెలిపినది. మరియొక గ్రహమునుండి మనుష్యునికి చేరిన మొదటి వార్త అది.

దాచిన ఓటమి

ఆ 1962లోనే సోవియట్ యూనియన్ శుక్రుని పైకి మూడు నౌకలను, అంగారకుని పైకి మూడు నౌకలను పంపినది. శుక్రనౌకలు మూడును భూకక్ష్యను విడువలేకపోయినవి. అంగారకనౌకలలో మొదటిది అక్టోబరు 24న భూకక్ష్యలోనే తునాతునుకలైనది. ఆ తేదీ గమనింపదగినది. క్యూబాలో క్షిపణుల విషయమై రెండు అగ్రరాజ్యములు యుద్ధపుటంచున నిలిచిన వారమది. ఆ శకలములు అలాస్కాలోని అమెరికన్ రాడార్లకు కనబడినవి. అవి క్షిపణులేమోనని క్షణకాలము శంక కలిగెననియు, గణించి చూడగా తీరిపోయెననియు చరిత్రకారులు వ్రాయుదురు. ప్రయోగమును ముందుగా ప్రకటించియుండిన ఆ శంకకే తావుండెడిది కాదు.

నవంబరు 1న బయలుదేరిన మార్స్-1 ఒక్కటియే దారి పట్టినది. దానిని నిలకడగా ఉంచవలసిన వాయువు ఒక కవాటము సరిగా మూసికొననందున కారిపోయినది. అయినను అది 1963 మార్చి 21 వరకు, అనగా భూమికి 10 కోట్ల 60 లక్షల కిలోమీటర్లకు పైగా దూరము పోవువరకు పలుకుచునే యుండెను. అంగారకునికి మూడు నెలల దూరమున అది మూగవోయినది.

ఇరువదిమూడు దినములు

ఓటమిని మెట్టుగా మార్చుకొనిన వారిలో మేరినర్-3 నిర్మాతలను ముఖ్యముగా పేర్కొనవలెను. 1964 నవంబరు 5న ఆ నౌక అంగారకుని కొరకు బయలుదేరినది. వాయుమండలమును దాటువరకు నౌకను కాపాడుటకు దానిపై ఫైబర్‌గ్లాసు తొడుగొకటి ఉండెను. పని తీరిన పిమ్మట అది ఊడిపోవలెను, ఊడలేదు. గింజపై పొట్టువలె అంటుకొనియే యుండెను. లోపలి నౌక తన సౌరఫలకములను చాపుకొనలేక, సూర్యకాంతి తాకక, బ్యాటరీలోని శక్తి యున్నంతవరకు, సుమారు తొమ్మిది గంటలు బ్రతికి చల్లారినది.

జంటనౌక సిద్ధముగా ఉన్నది. దానిపైనను అట్టి తొడుగే. ముహూర్తము కొలది వారములలో మూసికొనిపోవును. రెండేండ్లు ఆగుటయా, దైవముపై భారము వేసి పంపుటయా? ఇంజనీరులు ఈ రెండును కాదనిరి. పరీక్షలు జరిపి, వేడికి తొడుగు లోపలిపొర విడివడి నౌకను పట్టుకొనెనని కనుగొనిరి. రాత్రింబవళ్ళు శ్రమించి మెగ్నీషియము లోహముతో కొత్తతొడుగును నిర్మించిరి. మొదటి నౌక నశించిన ఇరువదిమూడవ దినమున, నవంబరు 28న, మేరినర్-4 లేచినది.

అది మన పెద్దలు అగస్త్యుడని పిలుచు నక్షత్రమును గురుతుగా పెట్టుకొని, దిక్కు తప్పినపుడెల్ల దానిని మరల వెదకికొనుచు, ఏడున్నర మాసములు పయనించినది. 1965 జూలై 14-15 తేదీల నడుమ అంగారకునికి సుమారు 9,800 కిలోమీటర్ల దూరమునుండి ఇరువదికి పైగా చిత్రములు తీసినది. ఒక్కొక్క చిత్రము అంకెల రూపమున భూమికి చేరుటకు ఎనిమిది గంటలకు పైగా పట్టెను. చిత్రములను భద్రపరచు టేపుయంత్రము సరిగా పనిచేసినదో లేదోనను ఆత్రుతతో, కంప్యూటరు చిత్రమును సిద్ధము చేయువరకు ఆగలేక, ఇంజనీరులు అంకెలున్న కాగితపు పట్టీలను గోడకంటించి, ఏ అంకెకు ఏ వన్నెయో నిర్ణయించుకొని, రంగుబలపములతో చేతితో పూసిరి. అంగారకుని తొలి చిత్రము అట్లు బడిపిల్లల పనిముట్లతో వెలసినది. అందులో కాలువలు లేవు, పచ్చికలు లేవు. చంద్రునిపై నున్నట్టి గుండ్రని గోతులు కలవు. అచ్చటి వాయువు భూమి వాయువులో నూరవవంతైనను లేదని తెలిసినది.

శుక్రుని కొలిమిలో

ఇంతమాత్రమున రష్యన్ ఇంజనీరులు ఓటమినుండి నేర్వలేదనుట అన్యాయము. బయటి లోకమునకు చెప్పకున్నను, కర్మాగారపు గోడల నడుమ వారు తమ తప్పులను వెదకుచునే యుండిరి. 1965 నవంబరులో పంపిన వెనెరా-3, 1966 మార్చి 1న శుక్రుని తాకినది. మరియొక గ్రహమును తాకిన మొదటి మానవనిర్మిత వస్తువది. కాని చేరుటకు ముందే మూగవోయినందున ఒక్క మాటయైనను చెప్పలేదు. కొరొల్యోవ్ ఆ జనవరిలోనే మరణించెను. గ్రహనౌకల నిర్మాణము అప్పటికే గియోర్గీ బబాకిన్ నాయకత్వమున నున్న మరియొక సంస్థకు మారియుండెను.

ఆ సంస్థ నిర్మించిన వెనెరా-4, 1967 అక్టోబరు 18న శుక్రుని వాయుమండలములో దిగుచు గంటన్నరసేపు పలికినది. అచ్చట సముద్రములుండవచ్చునను తలంపుతో, నీటిలో పడిన కరగి తెరచుకొనునట్లు దానికి చక్కెరతో చేసిన తాళమునమర్చిరి. తాళము కరగవలసిన పని లేకపోయెను. నీటిచుక్క లేదు, బొగ్గుపులుసు వాయువు దట్టముగా నిండియున్నది. నౌక నేలను తాకినదని మొదట ప్రకటించిరి. మరునాడే శుక్రుని ప్రక్కగా సాగిన అమెరికన్ నౌక మేరినర్-5 కొలతలతో పోల్చగా, అది నేలకు చాల ఎత్తుననే పీడనమునకు నలిగిపోయినదని తేలినది. ఒకరి కొలత మరియొకరి తప్పును దిద్దినది.

1969 మే మాసములో వెనెరా-5, వెనెరా-6 అట్లే మధ్యలో నలిగినవి. అప్పుడు లెక్కలన్నియు తిరుగవ్రాసి, భూమిపైనున్న వాయుపీడనమునకు 180 రెట్ల ఒత్తిడినైనను ఓర్చునట్లు టైటానియముతో వెనెరా-7ను నిర్మించిరి. 1970 డిసెంబరు 15న అది దిగుచుండగా పారాచూట్ చినిగినది. నౌక వేగముగా నేలకు కొట్టుకొనినది, సంకేతము ఆగిపోయినది. ఇదియు పోయినదని అందరును నిరాశపడిరి. కొన్నివారముల పిమ్మట, ఆనాటి టేపులను ఓపికతో మరల పరిశీలింపగా, హోరులో మునిగిన అతిసన్నని సంకేతమొకటి వినవచ్చినది. ఒరిగిపడిన ఆ నౌక, మామూలు బలములో నూరవవంతు గొంతుతో, 23 నిమిషములు మాటాడుచునే యుండెను. అది పంపగలిగినది ఉష్ణోగ్రత ఒక్కటియే: సుమారు 475 డిగ్రీలు. పరగ్రహపు నేలనుండి వచ్చిన మొదటి మాట, పోయినదనుకొన్న నౌక పలికిన మాట.

తెలిసియు చేసిన తప్పు

1971 మే మాసములో రెండు దేశములును అంగారకునికై ఒకేమారు బయలుదేరినవి. 9వ తేదీన అమెరికా వారి మేరినర్-8 అట్లాంటిక్ సముద్రములో పడినది. 10వ తేదీన పంపిన సోవియట్ నౌక భూకక్ష్యలోనే చిక్కుకొనినది. గంటన్నర గడచిన పిమ్మట చివరి అంచె మండవలెనని గడియారమును అమర్చుటకు బదులు, పొరపాటున ఏడాదిన్నరకు అమర్చిరి. ఇట్టి తప్పులు బాధాకరములే కాని, తెలియక చేసినవి.

1973లో జరిగినది వేరు. ఆ యేడు వేసవిలో సోవియట్ యూనియన్ అంగారకునికి నాలుగు నౌకలను సిద్ధపరచినది. వానిలో వాడిన ఒక రకపు ట్రాన్సిస్టర్లలో బంగారమునకు బదులు అల్యూమినియము వాడిరనియు, అవి కొలది నెలలలో తినివేయబడి చెడుననియు బయలుదేరుటకు ముందే పరీక్షలలో తేలినది. అన్నింటిని మార్చవలెనన్న ముహూర్తము దాటిపోవును. తెలిసియు పంపిరి. మార్స్-4 అంగారకుని కక్ష్యలో నిలువలేక సాగిపోయినది. మార్స్-5 కక్ష్యను చేరి కొలది వారములే పనిచేసినది. మార్స్-6 వాయుమండలములో దిగుచు కొంత చెప్పి, నేలను తాకు తరుణమున మూగవోయినది. మార్స్-7 దింపిన భాగము గ్రహమునకు 1,300 కిలోమీటర్ల ఎడముగా పోయినది. పదమూడేండ్ల వెనుక తొలి నౌకలను బలిగొన్న తొందరయే ఈ నాలుగింటిని బలిగొనినది. అప్పుడు లోపము తెలియదు, ఇప్పుడు తెలియును. మేరినర్-3 తరువాత గడచిన ఇరువదిమూడు దినములను దీని ప్రక్కన ఉంచి చూచినచో భేదము కనబడును. ముహూర్తము అచ్చటను తరుముచునే యుండెను. అయినను లోపమును దిద్దిన పిమ్మటనే అచ్చట నౌక లేచినది.

శ్రీహరికోట తీరమునుండి 2013 నవంబరు 5న, అనగా మేరినర్-3 నశించిన తేదీననే, భారతదేశపు అంగారకనౌక బయలుదేరి, 2014 సెప్టెంబరు 24న తొలి యత్నముననే ఆ గ్రహపు కక్ష్యను చేరినది. ఆ తొలి యత్నము వెనుక ఎందరో చేసిన యత్నములు కలవు. నవగ్రహములలో ఒకడని మనవారు లెక్కించు చంద్రునిపై 2019 సెప్టెంబరులో మన నౌక కూలినపుడు దేశమంతయు చూచుచునే యుండెను. ఏయే భాగములు ఎట్లు చెడవచ్చునో ముందుగా ఊహించి నిర్మించిన నౌక, 2023 ఆగస్టు 23న అదే చంద్రునిపై నెమ్మదిగా దిగినది.

బడిలో లెక్క తప్పిన బాలుడు మొదట చేయు పని పలకను తుడిచివేయుట. ఉపాధ్యాయుడు చూడకముందే, ప్రక్కవాడు నవ్వకముందే అరచేతితో తుడిచివేయును. తప్పు పోవును, అది ఏ మెట్టున జరిగెనో తెలుపు ఆనవాలును దానితో పోవును. ఆ చేతిని పట్టుకొని, తుడువనీయక, కోపింపక, పై వరుసనుండి మరల చదివించు ఉపాధ్యాయుడున్న తరగతిలో, మరునాడు ఆ తప్పు జరుగదు.